మర్నాడు లేని వార్తలు

1979 జూలై సంగతి అరవై దాటినవాళ్లలో ఎవరిని అడిగినా ఒక కథ బయటికి వస్తుంది. ఆకాశంలోంచి స్కైలాబ్ పడబోతోందని, ఎవరి నెత్తిన పడుతుందో తెలియదని ఊళ్లకు ఊళ్లు వణికిన రోజులవి. ఎలాగూ పోతాం కదా అని కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్నారని, గొడ్డూ గోదా అయినకాడికి అమ్ముకున్నారని, దూరాన ఉన్న పిల్లల్ని ఇంటికి పిలిపించుకున్నారని చెప్పుకుంటారు. ఆ జ్ఞాపకాల మీద 2021లో ‘స్కైలాబ్’ పేరుతో ఒక తెలుగు సినిమా కూడా వచ్చింది. నలభై రెండేళ్ల తర్వాత సినిమాకు కథయ్యేంత బలంగా ఆ భయం నిలిచింది. కానీ ఆ కథలు చెప్పేవాళ్లలో ఎక్కువమంది, అది చివరికి ఎక్కడ పడింది, అసలు ఎందుకు పడింది అని అడిగితే ‘ఎక్కడో సముద్రంలో’ అని ఆగిపోతారు.

స్కైలాబ్ అమెరికా నిలబెట్టిన మొదటి అంతరిక్ష కేంద్రం. 1973 మే 14న పైకి వెళ్లింది. బరువు సుమారు 77 టన్నులు. మూడు బృందాలు అందులో ఉండి వచ్చాక 1974 నుంచి ఖాళీగా తిరుగుతూ ఉంది. స్పేస్ షటిల్ తయారైతే దాంతో ఇంకాస్త ఎత్తుకు నెట్టవచ్చని అనుకున్నారు. షటిల్ ఆలస్యమైంది. ఈలోగా సూర్యుడిలో అలజడి అనుకున్నదానికంటే పెరిగింది. దాని వేడికి భూమి చుట్టూ పైపొరల్లో ఉండే పలచటి గాలి ఉబ్బి ఇంకా పైకి పాకింది. ఆ గాలి ఒరిపిడికి స్కైలాబ్ కొంచెం కొంచెంగా కిందికి దిగుతూ వచ్చింది. జూలై 11న దాని ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ అనే ఊరి చుట్టుపక్కలా పడ్డాయి. ఎవరికీ గాయం కాలేదు. చెత్త పారేసినందుకు ఆ ఊరి పాలకమండలి నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది.

పడకముందు నాసా రెండు లెక్కలు చెప్పింది. భూమ్మీద ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరికి ముక్క తగిలే అవకాశం 152లో ఒకటి. వినగానే గుండె గుభేలుమనే అంకె అది. కానీ అప్పటికే ప్రపంచ జనాభా 400 కోట్లు దాటింది. ఫలానా ఊళ్లో ఫలానా మనిషికే తగిలే అవకాశం ఎంతో తెలియాలంటే 152ను ఆ 400 కోట్లతో హెచ్చవేయాలి. సుమారు 60 వేల కోట్లలో ఒకటి అని తేలుతుంది. నాసా చెప్పిన రెండో లెక్క ఇదే. వణికిపోతున్న ఊళ్లకు అవసరమైనది, అందనిది కూడా ఇదే.

సైన్సు గురించీ కొత్త యంత్రాల గురించీ తెలుగువాళ్ల టీ కొట్ల దగ్గర, రైలు పెట్టెల్లో, పెళ్లి పందిళ్లలో నడిచే వాదాలను వరసగా పేర్చి చూస్తే ఈ లోటే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మొదటి రోజు వార్త పెద్దక్షరాలతో వస్తుంది. దాని మర్నాడు రాదు. పరీక్ష పూర్తయ్యాక ఏం తేలింది, భయపడినది జరిగిందా, మొదట చెప్పినవాళ్లు తర్వాత ఏమన్నారు అన్న సంగతులు వార్తను విన్న మనిషి దాకా చేరవు. సైన్సు నడిచేది మాత్రం ఆ మర్నాళ్ల మీదనే. జనం ఏళ్ల తరబడి మొదటి రోజు సమాచారంతోనే వాదించుకుంటూ ఉండిపోతారు. ‘మనవాళ్లకు మూఢనమ్మకాలు ఎక్కువ’ అని చదువుకున్నవాళ్లు తీర్పు చెబుతారు. ‘ఈ శాస్త్రవేత్తలంతా కంపెనీల మనుషులు’ అని అవతలివాళ్లు కొట్టిపారేస్తారు. ఈ రెండు తీర్పులకూ ఆధారం తక్కువ. అడిగినవాడికి జవాబు అందిందా లేదా అన్నది చూస్తే చాలా వాదాల మూలం దొరుకుతుంది.

2008 సెప్టెంబరు 10న ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దు కింద 27 కిలోమీటర్ల సొరంగంలో సెర్న్ అనే కణభౌతిక పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ప్రోటాన్ల పుంజాన్ని తిప్పినప్పుడు జరిగింది కూడా స్కైలాబ్ కథే. ఆ యంత్రంలో కృష్ణబిలం పుట్టి భూమిని మింగేస్తుందని మన దేశంలో టీవీ ఛానళ్లు రోజుల తరబడి ఊదరగొట్టాయి. ఆ భయంతో మధ్యప్రదేశ్‌లో ఒక బాలిక ప్రాణం తీసుకుందని అప్పట్లో వార్తలొచ్చాయి. తొమ్మిది రోజులకే, సెప్టెంబరు 19న, విద్యుత్ అతుకు ఒకటి దెబ్బతిని సొరంగంలో హీలియం లీకై యంత్రం ఆగిపోయింది. ఏడాదికి పైగా మరమ్మతులు చేసి 2009 నవంబరులో మళ్లీ తిప్పారు. అంతకంటే ఎంతో ఎక్కువ శక్తిగల కణాలు విశ్వంలోంచి వచ్చి కోట్ల ఏళ్లుగా భూమినీ చంద్రుణ్నీ తాకుతూనే ఉన్నాయన్న ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆ భయం సగం తగ్గేది. శాస్త్రవేత్తలు ఆ మాట చెప్పారు కూడా. కృష్ణబిలాల బొమ్మలు చూపించినంత సేపు దాన్ని ఎవరూ చూపించలేదు.

2012 జూలై 4న అదే యంత్రంలో హిగ్స్ బోసాన్ జాడ దొరికిందన్నప్పుడు తెలుగులో దాని పేరు ‘దైవకణం’ అయింది. అమెరికా భౌతిక శాస్త్రవేత్త లియోన్ లెడర్‌మన్ 1993లో తన పుస్తకానికి పెట్టిన పేరుకు అది అనువాదం. కణానికి ఆ పేరు అంటించడం, దాన్ని ముందే ఊహించిన పీటర్ హిగ్స్‌కే నచ్చలేదు. ఇక్కడ మాత్రం పేరే చర్చ అయిపోయింది. దేవుడున్నాడని సైన్సు ఒప్పుకుందని కొందరు, దేవుడి పని అయిపోయిందని మరికొందరు వాదించారు. కణాలకు ద్రవ్యరాశి ఎలా వచ్చిందన్న అసలు ప్రశ్న ఆ రెండు వాదాల మధ్య నలిగిపోయింది.

పేరులోనే తీర్పు ఇరికించిన మాటలు తెలుగులో ఇంకా ఉన్నాయి. పుట్టుకతో పెదవి చీలి ఉంటే ‘గ్రహణం మొర్రి’ అంటారు. మాట నోటికి రాగానే కారణం కూడా వచ్చేస్తుంది. గ్రహణం రోజు కడుపుతో ఉన్న ఆడపిల్లను కదలకుండా చీకటి గదిలో పడుకోబెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇంజనీర్లూ డాక్టర్లూ ఉన్న ఇళ్లలో కూడా ‘మన జాగ్రత్తలో మనం ఉందాం, పోయేదేముంది’ అంటారు. పెదవి ఏర్పడేది గర్భం నాలుగో వారం నుంచి ఏడో వారం లోపు. తను నెల తప్పానని చాలామందికి నిశ్చయంగా తెలిసే సమయం కూడా అదే. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో గ్రహణం వస్తే అప్పటికి పెదవి పూర్తయి నెలలు గడిచాయి. ఈ ఒక్క సంగతిని అమ్మమ్మల ముందు పెట్టి చూడాలి. సైన్సు గొప్పదని ఉపన్యాసం చెప్పడం కంటే అది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే నెలలూ వారాలూ అమ్మమ్మలకు బాగా తెలిసిన లెక్క.

గ్రహణాల విషయంలో తెలుగు నేలకు చెప్పుకోదగ్గ గతం ఉంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. 1980 ఫిబ్రవరి 16న సూర్యుడు పూర్తిగా మరుగైనప్పుడు హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వేధశాల ఆ దృశ్యాన్ని పరిశీలించింది. అదే సమయంలో ఊళ్లలో తలుపులు మూసి ఉన్నాయి. ‘హీలియం పుట్టింది గుంటూరులోనే’ అని ఈ మధ్య తరచూ వినిపించే మాటకు మూలం 1868 గ్రహణమే. ఆ మాటలో నిజం ఉంది, తొందర కూడా ఉంది. జాన్సెన్ ఇక్కడ సూర్యజ్వాలల వర్ణపటాన్ని చూశాడు. గ్రహణం లేకుండా కూడా వాటిని చూడవచ్చని గ్రహించాడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ సూర్యుడి వర్ణపటంలోని ఒక పసుపు గీతను పరిశీలించి, అది భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేల్చే దారి పట్టాడు. భూమ్మీద హీలియం దొరికింది 1895లో, విలియమ్ రామ్‌జే చేతికి. ముగ్గురు మనుషులు, ఇరవై ఏడేళ్ల పని, అందులో మొదటి అంకం గుంటూరు. గర్వపడటానికి అది చాలదా? గర్వం కలిగించే వార్తకు కూడా మర్నాడు కావాలి. లేకపోతే ఎవరో ఒకరు ఒక్క తేదీ చూపించి మొత్తం అబద్ధమని కొట్టేస్తారు.

మందుల దగ్గరికి వచ్చేసరికి వాదం వేడెక్కుతుంది, ఎందుకంటే అక్కడ ప్రాణం ఉంది. 2021 మే నెలలో, కరోనా రెండో ఉద్ధృతిలో, ఆసుపత్రుల్లో మంచాలు లేక, ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం రాత్రంతా తిరుగుతున్న రోజుల్లో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటువైద్యుడు ఇస్తున్న మందు కోసం వేలమంది బారులు తీరారు. వాళ్లను అజ్ఞానులన్నవాళ్లు ఆ రోజుల్లో మంచం దొరకని ఇంట్లో ఉండి ఉండరు. ప్రభుత్వం పంపిణీ ఆపించి ఆయుష్ నిపుణులతో పరీక్ష చేయించింది. మే 31న, కంట్లో వేసే చుక్కల మందును పక్కనపెట్టి, మిగతావాటిలో కొన్నిటిని ఇవ్వవచ్చంది. నివేదికల ప్రకారం వాటితో హాని లేదని, అయితే కరోనా తగ్గుతుందనడానికి ఆధారం లేదని, డాక్టర్లు రాసిన మందులు మానవద్దని కూడా చెప్పింది. ‘హాని లేదు’ వేరు, ‘పనిచేస్తుంది’ వేరు. బజారులో మాత్రం ‘గవర్నమెంటు ఒప్పుకుంది’ అన్న ఒక్క మాటే తిరిగింది. ఎంతమందికి ఇచ్చారు, ఇవ్వనివాళ్లతో పోలిస్తే వాళ్లలో ఎంతమంది కోలుకున్నారు అన్న లెక్క జనం ముందుకు రాలేదు. చుక్కలు వేసుకోగానే లేచి కూర్చున్నానని చెప్పిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి వీడియో ఊరూరా తిరిగింది. కొద్ది రోజులకే ఆయన నెల్లూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. వీడియో చూసినవాళ్లలో ఎందరికి ఆ కబురు తెలిసిందో!

హైదరాబాద్‌లో మృగశిర కార్తె నాడు బత్తిని కుటుంబం ఉబ్బసానికి ఇచ్చే చేప మందుది ఇంకో దారి. బతికున్న చిన్న కొర్రమీను నోట్లో మందు పెట్టి మింగిస్తారు. అందులో ఏముందో, దాని ఫలితానికి ఆధారమేమిటో చెప్పాలని జన విజ్ఞాన వేదిక ఏళ్ల తరబడి పట్టుబట్టింది. విషయం కోర్టుల దాకా వెళ్లింది. ఇప్పుడు దాన్ని ‘చేప ప్రసాదం’ అంటున్నారు. మందైతే పరీక్ష అడగవచ్చు, ప్రసాదాన్ని అడగలేరు. ఉబ్బసం ఉన్న పిల్లవాడి తల్లి మాత్రం ఆ వరసలో మందు కోసమే నిలబడుతుంది.

ఇవన్నీ చూసి, తెల్లకోటు వేసుకున్నవాళ్లు చెబితే ఎప్పుడూ మర్నాడు ఉంటుందని అనుకుంటే పొరపాటు. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌కు 2021 జనవరి 3న అత్యవసర అనుమతి వచ్చింది. 25,800 మందితో మూడో దశ పరీక్ష అప్పటికి నడుస్తూనే ఉంది. టీకా ఎంత కాపాడుతుందన్న అంకె ఇంకా రాలేదు. ‘మనవాళ్లు చేశారు, దాన్నీ అనుమానిస్తారా’ అని ఒకరు, ‘లెక్క రాకముందే సూది వేస్తారా’ అని మరొకరు ఒకే ఇంట్లో గొడవ పడ్డారు. రెండోవాళ్లను దేశద్రోహులన్నంత పని జరిగింది. మార్చిలో మధ్యంతర అంచనా 81 శాతమని, జూలైలో తుది అంచనా 77.8 శాతమని వచ్చింది. నవంబరు 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గుర్తించింది. టీకా నిలబడింది. లెక్క అడిగినవాళ్లు అడిగింది కూడా న్యాయమైన ప్రశ్నే. ఈ రెండు వాక్యాలనూ ఒకే నోటితో అనగలిగినవాళ్లు ఆ ఏడాది బహు తక్కువ.

ఇక ఏలూరు.

2020 డిసెంబరు 5 సాయంత్రం నుంచి ఆ పట్టణంలో జనం ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. మూర్ఛ, నోట్లో నురగ, కొన్ని నిమిషాల పాటు తెలివి తప్పడం, లేచాక ఏం జరిగిందో గుర్తులేకపోవడం. వారం రోజుల్లో 600 మందికి పైగా ఆసుపత్రికి వచ్చారు. ఒకరు చనిపోయారు. ఎక్కువమంది ఒకటి రెండు రోజుల్లో కోలుకుని ఇంటికి వెళ్లారు. ఒకరి నుంచి ఒకరికి అంటుకున్నట్టు లేదు. చాలా ఇళ్లలో ఒక్కరే పడిపోయారు. కుళాయి నీళ్లన్నారు, కూరగాయలన్నారు, కరోనా కోసం విపరీతంగా చల్లిన బ్లీచింగ్ పౌడరన్నారు, గాలన్నారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నమూనాల్లో పురుగుమందుల అవశేషాలు బయటపడ్డాయి. జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) వాళ్లు నీళ్లు పరీక్షించారు. డిసెంబరు మూడో వారానికి నిపుణుల చూపు ప్రధానంగా పురుగుమందుల వైపు తిరిగింది. ఆ మందు ఏ దారిన ఇన్ని వందలమంది ఒంట్లోకి ఒకేసారి చేరిందన్నది మాత్రం జనానికి అర్థమయ్యేలా తేలలేదు.

సీసం అని ఒకరు, పురుగుమందు అని ఒకరు చెప్పడం సైన్సులో తప్పు కాదు. వేర్వేరు పరికరాలతో వేర్వేరు వస్తువుల కోసం వెతికితే వేర్వేరువి దొరుకుతాయి. దొరికినదల్లా కారణం కాదు. పట్టణాల్లో ఉండేవాళ్ల రక్తంలో సీసం ఎంతో కొంత మామూలుగానే ఉండవచ్చు. అందుకే జబ్బు రానివాళ్ల రక్తంతో పోల్చి చూడాలి. ఇంత మాట తెలుగులో నెమ్మదిగా చెప్పేవాడు ఏలూరు వీధుల్లో కూర్చుని ఉంటే ‘ఒక్కొక్కడు ఒక్కోటి చెబుతున్నాడు, ఎవడికీ ఏమీ తెలియదు’ అన్న మాట పుట్టేది కాదు. కెమెరాలు వెళ్లిపోయాయి. ఆ వీధుల్లో కూరగాయలు కొనేవాళ్లు ఉప్పునీళ్లలో కడిగితే పోతుందా పోదా అని తమలో తామే తేల్చుకోవలసి వచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయన్న ప్రశ్నది ఇంకా పాత బాధ. నీళ్లా, నేలా, తోటల్లో కొట్టే మందులా, ఎండలో పనా అని దశాబ్దాలుగా వెతుకుతున్నారు. అక్కడ కనీసం 2023 చివరికి పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం, హిరమండలం నుంచి తాగునీటి పథకం వచ్చాయి. కారణం తేలకపోయినా చేయగలిగిన పని ఉంటుందనడానికి అది నిదర్శనం.

మర్నాటి వార్తను జనమే రాసిన సందర్భం కావాలంటే పత్తి చేలలోకి వెళ్లాలి. 1997-98లో పురుగు విరుచుకుపడి, ఎన్నిసార్లు కొట్టినా మందు పనిచేయక, వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కలచివేశాయి. ఆ గాయం పచ్చిగా ఉండగానే 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తి మొక్కలో పెడితే, ఆకూ కాయా తిన్న కాయతొలుచు పురుగు కడుపులో ఆ మాంసకృత్తు విషమై చంపుతుంది. రసం పీల్చే పురుగులను అది ఏమీ చేయదు. ఈ రెండో వాక్యం విత్తనాల దుకాణంలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. ‘ఇక మందే కొట్టక్కర్లేదు’ అన్నది మాత్రం అందరూ విన్నారు. మొదట వచ్చిన మూడు మెక్ రకాలు మన నేలల్లో నిరాశపరచగా 2005లో ఆంధ్రప్రదేశ్‌లో వాటి అనుమతి కొనసాగించలేదు. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయల పైన పలుకుతుంటే రాష్ట్ర ప్రభుత్వం పోరాడి 2006లో 750కి దించింది. తర్వాత మరిన్ని హైబ్రిడ్లు, రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 వచ్చాయి. కొన్నేళ్లలో దేశంలోని పత్తి నేలలో తొంభై శాతానికి పైగా బీటీయే అయింది. అప్పుల పాలు చేసిందని తిట్టిన రైతే మరుసటి ఏడు దాన్నే వేశాడు. బయటి మేధావులకు అది వైరుధ్యంలా తోచింది. విత్తనం ధర, కూలీ, మందు ఖర్చు, మార్కెట్ అన్నీ కలిపి లెక్క వేసుకునే మనిషికి అందులో వైరుధ్యం లేదు.

ఆ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న పొట్లం ఒకటి వచ్చేది. అందులో బీటీ కాని విత్తనాలు. చేను చుట్టూ వాటిని వేయాలి. అక్కడ బతికిన మామూలు పురుగులు, విషానికి తట్టుకున్న పురుగులతో జతకడితే తట్టుకునే గుణం నెమ్మదిగా పెరుగుతుంది. విత్తనం సత్తువ ఇంకొన్నేళ్లు నిలుస్తుంది. పొట్లం మీద సూచనలు ఉన్నాయి. రెండెకరాల రైతుకు మాత్రం అది పురుగుకు కొంత చేను వదిలేయమన్నట్టే కనిపించింది. చాలామంది ఆ పొట్లం విప్పలేదు. పదేళ్లు తిరిగేసరికి గులాబీ రంగు పురుగు బోల్‌గార్డ్-2ను కూడా తట్టుకోవడం మొదలుపెట్టింది. 2017 నాటికి తెలుగు రాష్ట్రాల్లోనూ మహారాష్ట్రలోనూ చేలకు చేలు దెబ్బతిన్నాయి. ఇప్పుడు ‘గుడ్డిపూలు’ కనిపిస్తే గులాబీ పురుగు వచ్చినట్టేనని, లింగాకర్షక బుట్టలు ఎప్పుడు కట్టాలో, చేను ఎప్పుడు దున్నేయాలో రైతులు ఒకరికొకరు చెప్పుకుంటారు. జీవపరిణామం మీద ఏ తరగతి గదిలోనూ ఇంత ఖరీదైన పాఠం జరిగి ఉండదు. ఆ చిన్న పొట్లం ఎందుకో పదినిమిషాలు కూర్చుని చెప్పే మనిషిని ప్రతి ఊరికీ పంపడానికి అయ్యే ఖర్చు, ఆ తర్వాత పోయిన పంటతో పోలిస్తే ఎంత!

సెల్ టవర్ల గొడవ ఇంతకంటే చిన్నది. కాలనీల్లో టవర్ వద్దని ధర్నా చేసేవాళ్లు, ఇంట్లో సిగ్నల్ లేదని విసుక్కునేవాళ్లు తరచు ఒకే కుటుంబంలో ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2011లో సెల్ ఫోన్ల రేడియో తరంగాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న జాబితాలో పెట్టింది. మన దేశం 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల నుంచి వెలువడే తరంగాల హద్దును అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించింది. పిచ్చుకలు టవర్ల వల్లే పోయాయన్న మాటకు 2018లో ‘2.0’ సినిమా ఇచ్చినంత బలం ఏ పరిశోధనా ఇవ్వలేదు. పెంకుటిళ్లు పోయి గూడు పెట్టే చూరు లేకపోవడం, పిల్లలకు పెట్టే పురుగులు దొరకకపోవడం మీద ఎవరూ సినిమా తీయలేదు.

మరో నిత్య వాదం రాకెట్ల మీద. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగుతుంటే తెలుగు ఇళ్లలో టీవీల ముందు కళ్లు చెమర్చాయి. దాని ఖర్చు 615 కోట్లు. అన్నం లేనివాళ్లున్న దేశానికి చంద్రుడెందుకన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు తిరుమలకు, సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్లడం మీద ఇంకో రభస. రెండో దాని మీద ఆవేశం ఎక్కువ, అవసరం తక్కువ. మొక్కుకున్నా రాకెట్ లెక్క ఒక్క అంకె మారదని ఆ శాస్త్రవేత్తలకే అందరికంటే బాగా తెలుసు. మొదటి ప్రశ్నకు జవాబు మాత్రం శ్రీహరికోట నుంచి తీరం వెంట ఉత్తరానికి వెళితే దొరుకుతుంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు అధికారిక లెక్కలోనే పదివేలమంది దాకా పోయారు. 1983లో ఇన్శాట్-1బి పైకెళ్లాక తుఫాను కదలిక ఎప్పటికప్పుడు కళ్లకు కనబడటం మొదలైంది. ఉపగ్రహం ద్వారా హెచ్చరికను నేరుగా తీరగ్రామాలకు వినిపించే పెట్టెలు పెట్టారు. 1990 మేలో మచిలీపట్నం దగ్గర పెను తుఫాను తీరం దాటినప్పుడు లక్షలమందిని ముందే తరలించగలిగారు. మరణాలు వెయ్యి లోపున ఆగాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను చిందరవందర చేసినా ప్రాణనష్టం పదుల్లోనే ఉంది. రాని చావుకు ఫొటో ఉండదు, కాబట్టి ఈ వార్త మొదటి పేజీకి ఎక్కదు.

అన్నిటికంటే బరువైన కథ భద్రాచలం వైపుది. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన కార్యక్రమం అది. సుమారు 14 వేలమంది పిల్లలు. వాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో చదువుకునే గిరిజన బాలికలు. ఇక్కడా, ఇదే పని జరిగిన గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 మార్చిలో మహిళా సంఘాలు భద్రాచలం వెళ్లి విచారించాయి. ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ‘టీకా పిల్లల్ని చంపింది’ అన్న వార్త దేశమంతా పాకింది.

కేంద్ర ప్రభుత్వం వేసిన విచారణ సంఘం చూసినప్పుడు ఆ చావులకూ టీకాకూ సంబంధం కనబడలేదు. నీళ్లలో మునగడం, పాముకాటు, జ్వరాలు లాంటి వేర్వేరు కారణాలు తేలాయి. కానీ అదే విచారణ, తర్వాత 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక, ఇంకో సంగతి బయటపెట్టాయి. తల్లిదండ్రులు పెట్టవలసిన అంగీకార సంతకాలను చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు పెట్టేశారు. టీకా తర్వాత ఇబ్బంది వస్తే నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదు. టీకా తప్పు చేయలేదు, వేసిన పద్ధతి తప్పు. ఈ రెండు సగాలూ కలిపి చెప్పినవాళ్లు దాదాపు లేరు. టీకాను సమర్థించేవాళ్లు మొదటి సగంతో ఆగారు, వ్యతిరేకించేవాళ్లు రెండో సగంతో ఆగారు. తమ బిడ్డ తరఫున ఎవరో సంతకం పెట్టారని తెలిసిన కోయ తల్లి అనుమానాన్ని ‘అవగాహన లోపం’ అని రాయడం అన్యాయం. ఆమె అడిగినది ప్రయోగశాలలు కూడా అడగవలసిన ప్రశ్న.

ఇప్పుడు ఆ టీకా మళ్లీ వస్తోంది. పుణెలోని సీరం సంస్థ తయారుచేసిన సర్వావాక్‌కు 2022లో అనుమతి దొరికింది. 2024 ఫిబ్రవరి 1 మధ్యంతర బడ్జెట్‌లో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం ప్రకటించింది. మన దేశంలో ఆడవాళ్లకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రెండోది. టీకా అవసరం గట్టిగా ఉంది. 2009లో ఆ హాస్టళ్లలో చేయి చాచిన పిల్లలు ఇప్పుడు ముప్పై దరిదాపుల్లో ఉన్నారు. చాలామంది ఆడపిల్లల తల్లులై ఉంటారు. ఆరోగ్య కార్యకర్త కాగితం పట్టుకుని ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు, ఆమె చేతిలో 2013 నివేదికలోని రెండు పేజీలు తెలుగులో ఉండాలి. ఆ పేజీలు కోయభాషలో చదివి చెప్పగల మనిషి పక్కన ఉండాలి. ఆ తల్లులు టీకా గురించి అడగబోయే ముందు, అప్పుడు తమ పేరు మీద సంతకం పెట్టింది ఎవరని అడుగుతారు.